వార్డు వదిలేసి ల్యాబ్‌లోకి దూకాలా?

ఉత్తరం:

మేడమ్, నమస్తే. నాకు 30 ఏళ్లు. జనరల్ మెడిసిన్‌లో ఎండీ అయ్యాక రెండేళ్లుగా అంటువ్యాధుల వార్డులో పనిచేస్తున్నాను. ఈ మధ్య ఒక పెద్దావిడకి న్యుమోనియాకి యాంటీబయాటిక్స్ ఇచ్చాక విరేచనాలు పట్టుకున్నాయి, సి. డిఫ్ (క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా) అని తేలింది. మందు వేస్తే తగ్గడం, ఆపిన రెండు వారాలకి మళ్లీ రావడం, ఇలా మూడుసార్లు. ఆవిడ పక్క మంచం మీద అదే యాంటీబయాటిక్ అన్నే రోజులు వాడిన ఇంకొకావిడకి ఏమీ కాలేదు. అప్పటినుంచి పేగుల్లో కాపురం ఉండే బాక్టీరియా సమూహం, అంటే మైక్రోబయోమ్ గురించి చదువుతూనే ఉన్నాను. మైక్రోబయోమ్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లో చెబితే "ఇంత చదివి మలం మీద పరిశోధనా" అని ఒకటే నవ్వు. మా సీనియర్ సార్ అయితే "ప్రాక్టీసు పాడవుతుంది, గ్రాంట్ల కోసం చేయి చాచడంతోనే జీవితం అయిపోతుంది" అన్నారు. నాకు కోడింగ్ అసలు రాదు. ఈ వయసులో మొదలుపెట్టొచ్చా? ఇంకొకటి, నవ్వకండి: ఆ వాసన అలవాటవుతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు:

డాక్టర్ గారూ, ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం. 1958లో బెన్ ఐస్‌మన్ అనే సర్జన్, ఆయన తోటి డాక్టర్లు కలిసి, యాంటీబయాటిక్స్ తర్వాత పేగు వాచి ప్రాణం మీదికి వచ్చిన నలుగురికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలాన్ని ఎనీమాగా ఇచ్చారు, నలుగురూ కోలుకున్నారు. అసలు ఆ జబ్బుకి కారణం సి. డిఫ్ అని తెలిసిందే 1978లో, అంటే ఈయన వైద్యం చేసిన 20 ఏళ్లకి! ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇలాంటి పని చేశానని పార్టీలో చెప్పుకోగలమా మరి. 2013లో నెదర్లాండ్స్ వాళ్లు దీన్ని పద్ధతిగా ట్రయల్ చేస్తే, మలమార్పిడి చేసిన 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది, ఇంకో ఇద్దరికి రెండోసారి ఇచ్చాక తగ్గింది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో తగ్గింది నలుగురికి. తేడా ఎంత కొట్టొచ్చినట్టు కనిపించిందంటే, మధ్యలోనే ట్రయల్ ఆపేశారు. నవ్విన నాపచేనే పండింది, కాకపోతే పండడానికి 55 ఏళ్లు పట్టింది.

కాబట్టి ఇంట్లో వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. నాకు కంగారు పుట్టించింది మీ ఉత్తరంలో ఇంకో వాక్యం: "మైక్రోబయోమ్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది." ఈ మాట నేను ఏడాదికి పదిమంది నోట వింటాను, అందులో ఏడెనిమిది మందిని "ఏం తెలుసుకుందామని?" అని అడిగితే నీళ్లు నములుతారు. మైక్రోబయోమ్ ఒక చోటు, అంతే. "నేను అడవి మీద పరిశోధన చేస్తాను" అన్నట్టు ఉంటుంది, అడవిలో దేనికోసం వెళ్తున్నారో తెలియకపోతే నాలుగేళ్ల తర్వాత ఆకుల జాబితా పట్టుకుని బయటికి వస్తారు. మీ దగ్గర మాత్రం అసలు ప్రశ్న ఉంది, అది ప్రశ్న అని మీకే తెలిసినట్టు లేదు, ఉత్తరంలో మధ్యలో ఎక్కడో పడేశారు. ఒకే మందు, అన్నే రోజులు, పక్కపక్క మంచాలు, ఒకరికి వచ్చి ఇంకొకరికి ఎందుకు రాలేదు? చిన్నగా కనిపిస్తుంది కానీ జీవితకాలం పనిచేసినా సరిపోయేంత ప్రశ్న అది.

దీని మూలం 1954 నాటి ఎలుకల ప్రయోగాల్లో ఉంది. మామూలు ఎలుకకి నోటి ద్వారా సాల్మొనెల్లా అంటించాలంటే లక్ష బాక్టీరియా దాకా కావాలి, అదే ముందు ఒక డోసు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే పది లోపే చాలు. అంటే పేగులో ముందునుంచీ కాపురం ఉన్న బాక్టీరియా కొత్తవాళ్లకి చోటివ్వదు. సరే, ఎలా ఇవ్వదు? తిండి ముందే తినేస్తుందా, విషం చిమ్ముతుందా, మన రోగనిరోధక శక్తిని నిద్ర లేపుతుందా? సి. డిఫ్ విషయంలో ఒక సమాధానం పైత్యరసంలో దొరికింది, నాకు చాలా ఇష్టమైన కథ ఇది. కాలేయం తయారుచేసే పైత్య లవణాలను చూసి సి. డిఫ్ స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోయే రూపాలు) నిద్ర లేస్తాయి. పేగులో కొన్ని రకాల బాక్టీరియా అదే లవణాల రూపం కాస్త మార్చేస్తాయి, మారిన రూపం సి. డిఫ్‌ని పెరగనివ్వదు. యాంటీబయాటిక్ ఈ మార్చేవాళ్లను చంపేస్తే ఇక అడ్డేముంది? 2015లో క్లోస్ట్రిడియం సిండెన్స్ అనే ఒకే ఒక బాక్టీరియాని ఎలుకలకి తిరిగి ఇస్తే సి. డిఫ్ మీద కొంత రక్షణ వచ్చింది. కొంతే, పూర్తిగా కాదు. "మంచి బాక్టీరియా తగ్గింది, చెడ్డది పెరిగింది" అని చెప్పడానికీ, ఏ బాక్టీరియా ఏ రసాయనాన్ని ఏం చేస్తే ఏమైంది అని చెప్పడానికీ ఎంత దూరమో చూడండి. మొదటి రకం పేపర్లు ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి, దయచేసి మీరు ఇంకొకటి రాయకండి.

ఇప్పుడు నా పరువు పోయిన కథ ఒకటి. నేనూ మీలాగే వార్డులోంచి వచ్చినదాన్నే. పీహెచ్‌డీ రెండో ఏడు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే స్థితి) రోగుల రక్తంలో, కల్చర్‌లో అంటే ల్యాబ్‌లో పెంచితే పెరగని బాక్టీరియా డీఎన్‌ఏ ఏమైనా ఉందా అని వెతుకుతున్నాను. సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ వరసను చదవడం) ఫలితాలు వచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే దాదాపు సగం మందిలో రాల్‌స్టోనియా, బ్రాడీరైజోబియం అని ఎవరూ ఊహించని పేర్లు కనిపించాయి. కొత్త జబ్బే కనిపెట్టేశానని ఫిక్సయిపోయాను. మా గైడ్‌కి చూపిస్తే ఆవిడ గ్రాఫ్ వైపు కూడా చూడలేదు, "బ్లాంక్‌లో ఏమొచ్చింది?" అని ఒక్క ముక్క అడిగారు. బ్లాంక్ అంటే రక్తం ఏమీ వేయకుండా, ఉత్త శుభ్రమైన నీళ్లని డీఎన్‌ఏ తీసే అదే కిట్‌తో, అదే రోజు, అన్ని మెట్లూ నడిపించిన ట్యూబు. నేను డబ్బులు ఆదా చేద్దామని దాన్ని సీక్వెన్సింగ్‌కి పంపనే లేదు. ఆవిడ నా నోట్‌బుక్ తీసి ఏ శాంపిల్ నుంచి ఏ తేదీన డీఎన్‌ఏ తీశానో రంగు పెన్నులతో గుర్తులు పెట్టమన్నారు. పెట్టాక చూస్తే, ఆ వింత బాక్టీరియా ఉన్నవాళ్లందరి శాంపిళ్లూ రెండో కిట్ డబ్బా తెరిచిన తర్వాతవి. రోగులకీ దానికీ సంబంధమే లేదు, డబ్బాలోంచి వచ్చింది. ఆ రెండు పేర్లూ నీళ్లలోనూ మట్టిలోనూ ఉండేవని, కిట్లలో మామూలుగా దొరికేవేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎనిమిది నెలల పని.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం అనుకునేరు. 2014లో ఒక బృందం ఒకే రకం సాల్మొనెల్లా ఉన్న స్వచ్ఛమైన కల్చర్‌ని పదింతలు, వందింతలు, ఇంకా ఇంకా పల్చన చేసుకుంటూ సీక్వెన్స్ చేసింది. పల్చనయ్యే కొద్దీ సాల్మొనెల్లా మాయమై కిట్లలోని బాక్టీరియా రాజ్యమేలింది. అదే ఏడు గర్భిణుల మావిలో ప్రత్యేకమైన మైక్రోబయోమ్ ఉందని ఇంకో పేపర్ వచ్చి పెద్ద సంచలనమైంది. 2019లో 500కి పైగా మావిలను జాగ్రత్తగా చూసినవాళ్లు, అలాంటిదేమీ లేదు, కనిపించింది దాదాపు అంతా ప్రసవంలోనో ల్యాబ్‌లోనో కలిసిందే అని తేల్చారు. కాకపోతే ఆ చూడడంలోనే సుమారు 5 శాతం మావిల్లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ నిజంగా ఉందని బయటపడింది, అది పుట్టిన బిడ్డకి ప్రాణాంతకం కాగల బాక్టీరియా. చెత్త ఊడ్చినవాళ్లకే ఉంగరం దొరికింది. ఇక క్యాన్సర్ గడ్డల్లో బాక్టీరియా గురించి 2020లో పేరున్న పత్రికలో వచ్చిన పేపర్‌ని 2024లో వెనక్కి తీసుకున్నారు, దాని మీద ఆధారపడి ఎంతమంది థీసిస్‌లు మొదలుపెట్టారో తలుచుకుంటే నాకే టెన్షన్ వస్తుంది.

కాబట్టి గైడ్‌ని వెతుక్కునేటప్పుడు పేరు, పేపర్ల సంఖ్య పక్కన పెట్టి, ల్యాబ్‌కి వెళ్లిన రోజు "మీ బ్లాంక్‌ల డేటా ఒకసారి చూడొచ్చా?" అని అడగండి. మొహం చిట్లిస్తే కాఫీ తాగి వచ్చేయండి. ఇంకొకటి, ఇప్పుడున్న విద్యార్థులతో కాదు, వదిలేసి వెళ్లినవాళ్లతో మాట్లాడండి. ఫలితం రాని ప్రయోగాలను ఆ ల్యాబ్‌లో ఏం చేస్తారు, రాసి పంపిస్తారా, సొరుగులో పడేస్తారా? ఆ ఒక్క ప్రశ్నకి వాళ్లు చెప్పే జవాబుతో మీకు సగం విషయం అర్థమైపోతుంది.

మీ సీనియర్ సార్ ప్రాక్టీసు పాడవుతుందన్నారు. ఇక్కడ నేను ఆయనతో సగమే ఒప్పుకుంటాను. వారంలో ఒక రోజైనా వార్డు వదలకండి, అది జీతం కోసం కాదు. ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను. మలమార్పిడి పనిచేస్తోందని తేలాక, దాన్ని శుభ్రమైన గుళికగా మార్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. దాతల మలం నుంచి స్పోర్లను మాత్రమే వేరుచేసి ఎస్‌ఈఆర్-109 అనే గుళిక తయారుచేశారు, 2016లో రెండో దశ ట్రయల్‌లో అది ఫెయిలైంది. అందరూ చేతులు దులుపుకోవాల్సిన చోట, వాళ్లు కూర్చుని ఎందుకు ఫెయిలైందో తవ్వారు. రెండు కారణాలు తేలాయి. ఒకటి, డోసు చాలలేదు. రెండోది, చాలామందికి జబ్బు మళ్లీ వచ్చిందని పీసీఆర్ (బాక్టీరియా డీఎన్‌ఏని పట్టే పరీక్ష) పాజిటివ్ చూసి నిర్ణయించారు, కానీ పీసీఆర్ పాజిటివ్ అంటే ఆ బాక్టీరియా అక్కడ ఉందని మాత్రమే, విరేచనాలకి అదే కారణమని కాదు. ఈ మాట మీకు నేను చెప్పాలా? వార్డులో రోజూ చూసే సంగతే కదా, పేగులో ఊరికే పడున్న సి. డిఫ్‌కి మందులు రాసేసిన కేసులు మీరు ఎన్ని చూసుంటారు! మూడో దశలో టాక్సిన్ పరీక్ష (బాక్టీరియా చిమ్మే విషం కోసం చూసేది) తప్పనిసరి చేసి, డోసు పెంచి, 182 మందితో చేస్తే, జబ్బు తిరగబెట్టింది గుళిక తీసుకున్నవాళ్లలో 12 శాతం మందికి, ఉత్తుత్తి గుళిక తీసుకున్నవాళ్లలో 40 శాతం మందికి. 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంత సీక్వెన్సింగ్, ఇంత కంప్యూటర్ చేశాక చివరికి వ్యవహారం ఎక్కడ తెగింది అంటే, జబ్బు నిజంగా జబ్బేనా అని తేల్చుకోవడం దగ్గర. అదే మీ పెట్టుబడి, దాన్ని పారేసుకుని ల్యాబ్‌లో కొత్త పిల్లలతో పైపెట్ పోటీకి దిగితే నష్టపోయేది మీరే.

రోగి భయం కూడా వార్డులోనే గుర్తుంటుంది. 2019లో మలమార్పిడి చేయించుకున్న ఇద్దరికి, ఒకే దాత నుంచి మందులకి లొంగని ఈ. కోలి రక్తంలోకి పాకింది, ఒకరు చనిపోయారు. దాతని ఆ బాక్టీరియా కోసం పరీక్షించకుండానే ఆ మలం వాడారు. సహజమైనది కాబట్టి సురక్షితం అనే మాట ఎవరైనా మీటింగ్‌లో అంటే నాకు ఇప్పటికీ ఈ కేసే గుర్తొస్తుంది.

కారణం సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీరు రేపు ఎక్కువగా తిట్టు తినేది ఇక్కడే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, జబ్బు పడ్డ పేగులో కనిపించిన ప్రతి బాక్టీరియా పరిస్థితీ అదే. అది జబ్బు తెచ్చిందా, జబ్బు వల్ల వచ్చిందా, రోగి తిండి మానేయడం వల్ల పెరిగిందా, మనం ఇచ్చిన ఎసిడిటీ మాత్ర వల్లా? హెలికోబాక్టర్ అనే కడుపులోని బాక్టీరియా విషయంలో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ 1984లో కల్చర్ తానే తాగి కడుపు పాడుచేసుకున్న కథ అందరూ చెబుతారు. అందరూ మరిచిపోయేదేమిటంటే, ఆయనకి వచ్చింది గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు), అల్సర్ కాదు. అసలు నమ్మకం కుదిరింది, ఆ బాక్టీరియాని నిర్మూలిస్తే అల్సర్లు తిరగబెట్టడం ఆగిపోతుందని ట్రయల్స్‌లో చూశాకే. ఒక్క బాక్టీరియాకే ఇంత తతంగం ఉంటే, వందల రకాలు కలిసి కాపురం చేసే చోట కారణం చూపించడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఎలుకల్లో చూపించడం తేలికే, ఎలుక మలం తినే జంతువు, పైగా మనం పెట్టిందే తింటుంది. మనిషిలో చూపించడానికే ఏళ్లు పడుతుంది.

పట్టినా ఒక్కోసారి రెండు ట్రయల్స్ రెండు మాటలు చెబుతాయి. ఒడిశా గ్రామాల్లో 4,500కి పైగా నవజాత శిశువులతో చేసిన ట్రయల్ 2017లో వచ్చింది, ఒక లాక్టోబాసిలస్‌ని దాని మేతతో కలిపి వారం రోజులు ఇస్తే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. దానికి ముందు ఏడాదే బ్రిటన్‌లో నెలలు బాగా తక్కువగా పుట్టిన 1,300 మంది శిశువులతో చేసిన ట్రయల్‌లో ఒక బైఫిడోబాక్టీరియం ఇస్తే ఏ ప్రయోజనమూ కనిపించలేదు. ఎవరు తప్పు? ఎవరూ కాదు. బాక్టీరియా వేరు, పిల్లలు వేరు, వాళ్లకి సెప్సిస్ వచ్చే దారులు వేరు. "ప్రోబయోటిక్స్ పనిచేస్తాయా?" అని అడిగితే "మాత్రలు పనిచేస్తాయా?" అని అడిగినట్టే, ఏ మాత్ర, ఎవరికి, దేనికి అని తిరిగి అడగాలి.

కోడింగ్ భయం గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది మీరనుకున్నంత పెద్దది కాదు. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష రోజుకో గంట చొప్పున ఆరు నెలలు పట్టుకుంటే మీ డేటా మీరే తెరిచి చూసుకునే స్థాయికి వస్తారు, అది చాలు. మిగతాది పక్కనున్న బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్లతో చేయించుకోవచ్చు, కానీ వాళ్లు ఇచ్చిన గ్రాఫ్‌ని నమ్మాలా వద్దా అని తెలుసుకునేంత గణాంకశాస్త్రం మీకు రావాలి. ఒక్క ఉచ్చు చెప్తాను. ఈ డేటా ఎప్పుడూ శాతాల్లో వస్తుంది. పేగులో మూడు రకాలు ఉన్నాయనుకోండి, యాంటీబయాటిక్‌తో ఒకటి చచ్చిపోయింది, మిగతా రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, ఒక్కటి కూడా పెరగలేదు. అయినా గ్రాఫ్‌లో ఆ రెండింటి శాతం అమాంతం పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి కథలు అల్లిన పేపర్లు కోకొల్లలు. మొత్తం ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టారా అని అడగడం నేర్చుకోండి.

వయసు గురించి అడిగారు. 30 ఏళ్లు ఎక్కువేం కాదు, నేను మొదలుపెట్టింది 33లో. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్, సొంత గ్రాంట్ చేతికొచ్చేసరికి 40 దాటుతాయి, ఆ లోపు మీతో చదివినవాళ్ల సంపాదన మీ చెవిన పడుతూనే ఉంటుంది, అది కొంచెం గుచ్చుకుంటుంది, గుచ్చుకోదని అబద్ధం చెప్పను. గ్రాంట్ల కోసం చేయి చాచాలి అన్న మాట కూడా నిజమే. నా మొదటి సొంత ప్రాజెక్టు మూడుసార్లు వెనక్కి వచ్చింది, నాలుగోసారి అక్షరం మార్చకుండా పంపితే వచ్చింది అని చెబితే బాగుంటుంది కానీ, నిజానికి మూడోసారి వచ్చిన విమర్శ చదివి సగం ప్లాన్ మార్చేశాను, ఆ విమర్శకుడు ఎవరో తెలియదు కానీ చాలా మేలు చేశాడు. ఇక అర్ధరాత్రి ఫోన్లు వార్డుతో పోతాయనుకోకండి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ అలారం కూడా సరిగ్గా రాత్రి రెండింటికే మోగుతుంది.

రేపే రాజీనామా ఇవ్వకండి. ముందు ఉన్న చోటే ఒక చిన్న పని చేయండి: గత మూడేళ్లలో మీ వార్డులో సి. డిఫ్ తిరగబెట్టిన కేసులు, తిరగబెట్టని కేసులు ఎథిక్స్ కమిటీ అనుమతితో పాత రికార్డుల్లోంచి తీయండి. ఏ యాంటీబయాటిక్, ఎన్ని రోజులు, ఎసిడిటీ మాత్ర వాడారా, పరీక్ష పీసీఆరా టాక్సినా, మొదటిసారి తగ్గాక ఎన్నో రోజున తిరగబెట్టింది. ఒక పట్టిక, అంతే. సగం రికార్డుల్లో సగం గడులు ఖాళీగా ఉంటాయి, మీకు కోపం వస్తుంది. ఆ కోపం వచ్చాక కూడా ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆ ఖాళీల వెనకాల పడాలనిపిస్తే, ఆ పట్టికే మీ పీహెచ్‌డీ దరఖాస్తులో మొదటి పేజీ అవుతుంది. విసుగొచ్చి మూసేస్తే కూడా మంచిదే, ఐదేళ్లు మిగిలాయి, వార్డుకి మీలాంటి డాక్టర్ మిగిలారు.

ఇక వాసన. గడ్డకట్టిన శాంపిల్‌కి పెద్దగా వాసన ఉండదు, తూకం వేయడానికి కరిగించినప్పుడే అసలు సంగతి, దానికోసమే సేఫ్టీ క్యాబినెట్ ఫ్యాన్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగి మొదలుపెట్టాలి, మాస్కు ఎలాగూ ఉంటుంది. మూడు నెలల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది ఇంకొకటుంది, స్పిరిట్ తగిలి ట్యూబు మీద పెన్నుతో రాసిన పేరు చెరిగిపోవడం. నాకు అలా 11 ట్యూబులు పోయాయి. బార్‌కోడ్ స్టిక్కర్లు మొదటి రోజే కొనిపించండి.